పక్క మంచం మూలుగు

బొత్తాలమ్మ అసలు పేరు కుట్టుకంపెనీ హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై రెండేళ్ళుగా చొక్కాలకు బొత్తాలు కుట్టడమే ఆమె పని. పంటికింద దారం పట్టుకునే కబుర్లు చెప్పేది. ఆమె బల్ల పక్కన చోటు కోసం ఆడవాళ్ళు పోటీలు పడేవాళ్ళు.

కూతురు పోయాక ఆ నోరు మూతపడింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఆసుపత్రిలో నాలుగు రోజులుండి పోయింది. రెండేళ్ళు గడిచినా తల్లి గుండెలో గడ్డకట్టినది కరగలేదు. సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు. తెల్లచొక్కాల మీద రక్తపు చుక్కలు పడుతుంటే చూసి చూసి మేస్త్రీ అన్నాడు, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు పెద్దమ్మా. చొక్కాలు ఉతుక్కోలేక చస్తున్నాం."

ధ్యానకేంద్రం సంగతి చెప్పింది చెల్లెలు. పది రోజులు మాట్లాడకూడదు, చదవకూడదు, ఫోను ముట్టుకోకూడదు.

"మాట్లాడకుండా ఉండటానికి అంతదూరం పోవాలా? ఇంట్లో చేస్తున్నదీ అదేగా."

"ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నావక్కా. పాపం, వాటికీ ఓ పది రోజులు సెలవివ్వు."

వెళ్ళింది. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి రావడం, పోవడం చూడమన్నారు. నాలుగోరోజు నుంచి తల మొదలు అరికాళ్ళ దాకా ఒళ్ళంతా మనసుతో తడమమన్నారు. నొప్పి వస్తే నొప్పి అనుకో, చప్పుడు వినపడితే చప్పుడు అనుకో. పట్టుకోకు, తోసెయ్యకు. పుట్టినదేదైనా పోయేదే, అది నీ కళ్ళతో నువ్వే చూడు. ఇంతే బోధ. అవసరం పడితే మాత్రం అక్కడ కనిపెట్టుకుని ఉండే సేవకురాలితో మాట్లాడవచ్చని మొదటిరోజే చెప్పారు.

ఐదోరోజు బొత్తాలమ్మ గంటసేపు కదలకుండా కూర్చుంది. మోకాలు నిప్పుల మీద పెట్టినట్టు మండింది. చూస్తూ ఉండిపోయింది. మంట సన్నటి జలదరింపై, అదీ చెదిరిపోయింది. దాని వెనకే గుండెలో బిగిసినదేదో కాస్త వదులైంది. రెండేళ్ళలో మొదటిసారి కంచంలో ఏమీ మిగల్చకుండా తింది. దొరికినదాన్ని గుప్పిట బిగించి పట్టుకుంది. పట్టుకోకు అన్న ఒక్కమాటే ఆమె చెవికెక్కలేదు.

గదిలో ఆమెతో పాటు ఒక ముసలావిడ ఉండేది. రెండు మంచాలకీ మధ్య ఒక తెర. ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోలేదు, మొహాలు కూడా సరిగా చూసుకోలేదు. అయినా పొద్దున్నే ముసలావిడ స్నానం చేసి, బకెట్లో సగం వేణ్ణీళ్ళు ఈమె కోసం వదిలిపెట్టేది. బొత్తాలమ్మ మనసులో ఆవిడకు వేణ్ణీళ్ళావిడ అని పేరు పెట్టుకుంది. మోకాళ్ళ నొప్పులేమో, లేస్తూ కూర్చుంటూ ఆవిడ మూలుగుతూ ఉండేది.

ఏడోరోజు మధ్యాహ్నం, భోజనాల తరవాత విశ్రాంతి వేళ, తెర అవతల మూలుగు మొదలైంది. రోజూ వినే మూలుగు కాదు. బొత్తాలమ్మకు ఆ సంగతి తెలిసింది. చప్పుడు, అనుకుంది. ఊపిరి మీదికి మనసు తెచ్చుకుంది. మళ్ళీ మూలుగు. చప్పుడు, చప్పుడు. లేచి తెర తీస్తే తన ప్రశాంతత చెదిరిపోతుందని భయం వేసింది. ఆ భయాన్ని కూడా గమనించి వదిలేసింది. కాసేపటికి చప్పుడు ఆగింది. పుట్టింది, పోయింది అనుకుంది. గంట మోగితే లేచి, తెర వైపు చూడకుండా ధ్యానం హాలుకు వెళ్ళిపోయింది.

పక్క ఆసనం ఖాళీగా ఉండటం చూసి సేవకురాలు గదికి పరిగెత్తింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ, పొద్దు గూకేలోగా వేణ్ణీళ్ళావిడ పోయింది. గుండెపోటు. గంట ముందు తెస్తే ఏమైనా చేసేవాళ్ళమని డాక్టర్లు అన్నారట.

బొత్తాలమ్మ వెళ్ళి, ధ్యానం నేర్పే గురువమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పింది. గురువమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చూడమన్నాం తల్లీ. చూస్తూ ఊరుకోమనలేదు."

"తెలుసమ్మా. తెలిసే పడుకున్నాను."

మర్నాడు పొద్దున సామాను కోసం ముసలావిడ కూతురు వచ్చింది. మడతపెట్టిన బట్టలు సంచిలో సర్దుతూ, తెర పక్కన నిలబడ్డ మనిషిని చూసింది.

"మీరేనా అమ్మతో గదిలో ఉన్నది? మాట్లాడకూడదేమో మీరు. తల ఊపండి చాలు. బాధపడలేదు కదా? నిద్రలోనే పోయింది కదా?"

ఆ మాట బొత్తాలమ్మకు కొత్త కాదు. నిద్రలోనే పోయిందమ్మా అని నర్సు తనకూ చెప్పింది. కానీ తన పిల్ల కింది పెదవి మీద పంటిగాటు ఉంది. ఏ బాధకి అలా కొరుక్కుందో, ఎవర్ని పిలిచిందో అని రెండేళ్ళుగా ఈ తల్లి ఊహించి ఊహించి చచ్చింది. ఇప్పుడు తల ఊపితే తను బతికిపోతుంది. ఈ పిల్ల ఎన్నేళ్ళు ఊహించుకోవాలో.

"నిద్రలో కాదమ్మా. మూలిగింది. నేను విన్నాను. లేవలేదు."

కూతురి చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది. "ఎంతసేపు?"

"చాలాసేపు. పావుగంట పైనే."

"నన్ను పిలిచిందా?"

"మాట రాలేదమ్మా. ఊపిరి కోసం కొట్టుకుంది. నా మంచానికీ ఆవిడకీ నాలుగడుగులు."

కూతురు మంచం మీద కూలబడి ఏడ్చింది. బొత్తాలమ్మ దగ్గరకు వెళ్ళలేదు, ఆ హక్కు తనకు లేదు. అలాగని బయటకూ పోలేదు. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. ముందురోజు ఏం తిన్నదో, చివరిసారి ఎప్పుడు దగ్గిందో అన్నీ.

చివరికి సంచి భుజాన వేసుకుంటూ కూతురు అంది, "మిమ్మల్ని మన్నించడం నా వల్ల కాదు."

"నువ్వు మన్నిస్తావన్న ఆశతో చెప్పలేదమ్మా."

బొత్తాలమ్మ మిగిలిన రోజులూ అక్కడే ఉంది. నాలుగింటికే లేచి హాల్లో కూర్చునేది. ఊపిరి వచ్చేది, పోయేది, మధ్యలో ఆ మూలుగు వినిపించేది. దానికి చప్పుడు అని పేరు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. ఐదోరోజు దొరికిన ప్రశాంతత మళ్ళీ రాలేదు. దాని కోసం ఆమె వెతకలేదు కూడా.