బిజిలీ వెనక నడిచిన సుగుణక్క

ఈ ఉదయం మా ఇంట్లో ఉలవలు ఉడుకుతున్నాయి. మా ఆవిడ చారు కోసం పెట్టింది. కుక్కర్ మూత తీయగానే ఆ వేడివాసన గుప్పున వచ్చి ముక్కుకు తగిలింది. నేను చదువుతున్న పేపరు పక్కన పడేశాను. "ఏంది, అప్పుడే ఆకలైతున్నదా?" అని ఆమె నవ్వింది. ఆకలి కాదు. నాకిది భోజనం వాసనే కాదు. చండ్రుగొండలో ఒక రేకుల షెడ్డు ముందు ఏళ్ళ తరబడి నేను పీల్చిన గుగ్గిళ్ళ వాసన ఇది. ఆ గుగ్గిళ్ళు ఒక గుర్రానికి. ఉడకబెట్టేది సుగుణక్క. గుర్రం కంటే ముందు నా చేతిలో గుప్పెడు పోసి, "ఉప్పు సరిపోయిందా చూడురా శ్రీనూ" అనేది. గుర్రం తిండికి ఉప్పు చూసిన మనిషిని ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సుగుణక్కను ఎరగని వాళ్ళకు ముందుగా చెప్పాల్సింది, ఆమె పెళ్ళిళ్ళకు గుర్రాన్ని తోలేదని. ఆ గుర్రాన్ని కొన్నది ఆమె భర్త యాకయ్య బావ. తెల్లటి ఆడగుర్రం, పేరు బిజిలీ. పెళ్ళికొడుకును ఎక్కించుకుని ఊరేగింపులో నడవడమే దాని పని. నేను అప్పట్లో బ్యాండుమేళంలో సైడ్ డ్రమ్ము కొట్టేవాణ్ణి. ఒకే ఊరివాళ్ళం కాబట్టి చాలా పెళ్ళిళ్ళకు కలిసే వెళ్ళేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేకపోయినా అక్కా, బావా అనే పిలుపులు అలా కలిశాయి. ఒక వానాకాలం బావ జ్వరంతో పోయాడు. ఇక గుర్రాన్ని అమ్మేస్తుందనే అనుకున్నాం అందరం. నేనైతే నోరు ఆపుకోలేక అడిగేశాను కూడా. "దాన్నెందుకు అమ్ముత? అమ్మాలంటే నిన్నే అమ్ముత. దానికంటే నువ్వే ఎక్కువ తింటున్నవ్" అంది. అంత దుఃఖంలోనూ నన్ను ఆటపట్టించడం మాత్రం మానలేదు.

బావ పోయాక మొదటి పెళ్ళి మా మండలంలోనే. అక్క బిజిలీ మెడలో బంతిపూల దండ వేసి, కళ్ళెం పట్టుకుని ముందు నిలబడింది. వెంటనే గుసగుసలు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు పెదనాన్న వచ్చి, "శుభమా అని పెండ్లి చేసుకుంటుంటే నువ్వు ముందల నడుసుడేందమ్మా?" అన్నాడు. భర్త లేని మనిషి పెళ్ళికొడుక్కి ఎదురుగా ఉండకూడదని మా వైపు ఒక పట్టింపు. ఇప్పటికీ ఉంది, దాని మొహం మండ! నాకు ఒళ్ళు మండిపోయి డ్రమ్ము పుల్లలు కింద పడేశాను. అక్క మాత్రం కళ్ళెం తీసుకెళ్ళి మా బ్యాండు మేస్త్రీ చేతికిచ్చింది. "సరే, ఎనకనే నడుస్త. దీన్ని నడిపియ్యాలంటే ముందలనే ఉండాల్నా ఏంది?" అని తోక దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు బిజిలీ అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది.

మర్నాటి నుంచి మిరపకాయలు ఎత్తేసిన ఒక కల్లంలో సాధన మొదలైంది. మేళం మోగుతుండగా అక్క వెనక నుంచి "పద బిడ్డా" అంటే బిజిలీ కదలాలి, "ఉండు తల్లీ" అంటే ఆగాలి. ముందు కళ్ళెం ఎవరు పట్టుకున్నా అది చూసేవాళ్ళ కోసమే. ఆ చప్పుడు కోసం నన్ను డ్రమ్ము తెచ్చుకోమంది. నేను నా విద్యంతా ఒలకబోస్తూ వాయిస్తుంటే, "ఆపరా!" అని కసిరింది. "దాని చెవులు చూడు. ఎనక్కి వాలినయంటే బెదిరిందని లెక్క. పైన కూసున్న పిల్లగాడు అంతకన్నా బెదిరి ఉంటడు. నీ కోసం కొట్టకు, ఆళ్ళ కోసం కొట్టు" అంది. అప్పటిదాకా నాకు తెలిసింది చప్పుడు చేయడం. ఎదుటివాళ్ళను చూస్తూ వాయించడం ఆ కల్లంలోనే నేర్చుకున్నాను. కొన్నాళ్ళకు బిజిలీ ఎలా తయారైందంటే, మేళం మొదలయ్యాక వెనక నుంచి అక్క గొంతు వినబడకపోతే ఎవరు లాగినా అడుగు వేసేది కాదు. "నువ్వు లేని రోజు ఎట్లక్కా?" అని అడిగితే, "నేను లేకుండ అది యాడికి పోతది?" అని నవ్వేది.

ముందు అక్కే పోవాల్సి వచ్చింది, దవాఖానాకు. రొమ్ములో గడ్డ. పెళ్ళిళ్ళ సీజను అయిపోనీ అని చాన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదట. ఖమ్మంలో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత వరుసగా కీమో సూదులు వేయించుకోవాలని, మధ్యలో మానితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అక్క కూతురు స్వప్న అక్కడే దవాఖానా దగ్గర ఒక గది కిరాయికి తీసుకుంది. మొదటి సూదికే జుట్టు ఊడిపోయింది. చూడటానికి వెళ్తే తలకు కండువా చుట్టుకుని కూర్చుంది. నేను ఏడుపు మొహం పెట్టేసరికి, "ఏందిరా గట్ల చూస్తున్నవ్? ఇగ బిజిలీ జూలు ఒక్కటి దువ్వుకుంటే చాలు, నాకు సగం పని తప్పింది" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను రెండూ చేశాను.

రెండో సూదికి ఆమె ఖమ్మంలో ఉన్నప్పుడే బిజిలీని ఎవరో ఎత్తుకుపోయారు. పొద్దున గుగ్గిళ్ళు పెట్టడానికి వెళ్ళిన పక్కింటావిడకు తెగిన తాడు ఒక్కటే కనబడింది. ఆ మాట అక్కకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి నేనే వెళ్ళి చెప్పాను. ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నీళ్ళు పెట్టిండ్రో లేదో" అంది. కానీ మూడో సూది వేసే రోజు వచ్చేసరికి దవాఖానాకు రానని కూర్చుంది. "నేను కోతకు ఒప్పుకున్నదే మళ్ల దాని ఎనక నడుద్దామని. అదే లేనప్పుడు ఈ సూదులెందుకు?" అంది. స్వప్న కాళ్ళావేళ్ళా పడింది. నేను కేకలేశాను. ససేమిరా అంది. ఇక మాకు బిజిలీని వెతకడమంటే అక్క ప్రాణాన్ని వెతకడమే అయింది.

ఫిర్యాదు ఇవ్వడానికి అక్కను ఒక రోజు ఊరికి తీసుకొచ్చాం. పోలీసు ఠాణాలో గుర్రానికి కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగారు. "మండలంల ఏ పెండ్లి ఆల్బం తెరిచినా నా గుర్రం ఫోటో ఉంటది సార్. పెండ్లికొడుకుల కన్నా అదే మంచిగ పడ్డది" అంది అక్క. ఫిర్యాదు రాసుకుంటున్న కానిస్టేబుల్ నవ్వి, ఫోన్లో తన పెళ్ళి ఫోటో తీసి చూపించాడు. అందులోనూ బిజిలీయే. ఆ ఫోటోనే సత్తుపల్లి నుంచి చర్ల దాకా బ్యాండు వాళ్ళందరికీ పంపాను. కాలికి బలపం కట్టుకుని తిరిగాను. చర్ల దారిలో క్యాంపు జవాన్లు బండి ఆపి ఎక్కడికని అడిగితే, నాకొచ్చిన హిందీలో "ఘోడా గుమ్ గయా సాబ్" అన్నాను, గుర్రం తప్పిపోయిందని. వాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, పాపం పిచ్చివాడనుకున్నారేమో, పొమ్మన్నారు.

చివరికి బిజిలీ దొరికింది నేలకొండపల్లిలో, నా డ్రమ్ము ముందే. అక్కడి మేళంలో మనిషి తక్కువైతే నన్ను పిలిచారు. పెళ్ళికొడుకు విడిది ఇంటి నుంచి ఫంక్షన్ హాలుకు గుర్రం మీద రావాలి. ఎవరో కొత్త మనిషి గోధుమరంగు గుర్రాన్ని పట్టుకొచ్చాడు. పెళ్ళికొడుకు ఎక్కాడు, మేము అందుకున్నాం. గుర్రం కదల్లేదు. లాగారు, అదిలించారు, బెల్లం చూపించారు. ఉహూఁ! చెవులు వెనక్కి తిప్పి దేనికోసమో వింటున్నట్టు నిలబడింది. నా చేతులు ఆగిపోయాయి. దగ్గరికెళ్ళి మెడ మీద రుద్దితే వేళ్ళకు రంగు అంటుకుంది, కింద తెల్లటి వెంట్రుకలు. వెంటనే ఖమ్మం ఫోన్ చేశాను. "అక్కా, బిజిలీ ఈడుంది! మీద పెండ్లికొడుకు ఉన్నడు, అది కదుల్తలేదు" అన్నాను. "దాన్ని ఎవర్నీ కొట్టనియ్యకు. జల్దీ వస్తున్న" అంది.

గుర్రం మీది నుంచి దిగమని పెళ్ళికొడుక్కి చెబితే మేనమామ ఒప్పుకోలేదు. ఎక్కినవాడు నడిదారిలో దిగితే అపశకునమట. దాంతో ఆ అబ్బాయి గొడుగు కింద కూల్ డ్రింకు తాగుతూ గుర్రం మీదే కూర్చున్నాడు. ముహూర్తం దగ్గరపడుతున్న కొద్దీ అందరి మొహాలూ వాడిపోతున్నాయి. ఇంతలో ఆటో వచ్చింది. అక్క స్వప్న భుజం పట్టుకుని దిగింది. చిక్కి సగమైంది. గుర్రాన్ని తెచ్చి, అప్పటిదాకా అది తనదేనని దబాయిస్తున్నవాడు ఆమెను చూసి, చెప్పులు కూడా అక్కడే వదిలేసి జనంలో కలిసిపోయాడు. బిజిలీ సకిలించింది. అక్క దాని మెడకు మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా నలుగురిలో అలా ఏడవలేదు. తల ఎత్తేసరికి చెంపలనిండా గోధుమరంగు.

మేనమామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గుర్రం నీదేనమ్మా, పెండ్లి కాంగనే తీస్కపో. జరంత హాలు దాక నడిపియ్యి, పుణ్యముంటది."

"నడిపిస్త," అంది అక్క. "పిల్లగాని తల్లి ఏది?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె భర్త పోయి ఎంతో కాలం కాలేదట. ఎదురు రాకూడదని ఊరేగింపు చివర ఒక ఆటోలో కూర్చోబెట్టారు. మేనమామ ఆ సంగతి నసుగుతూ చెప్పాడు. అక్కకు నిలబడే ఓపిక లేదు, గొంతు మాత్రం పాతదే. "నేను ఎనక నుంచి పిలుస్త. ముందల కళ్ళెం ఆ తల్లి పట్టాలె. లేకుంటే నేనూ ఈడనే కూసుంట. మీ ముహూర్తం మీరు చూస్కోండ్రి."

పెళ్ళికొడుకు గుర్రం మీది నుంచి వంగాడు. "మామా, అమ్మను పిలువు" అన్నాడు. మేనమామ కదలకపోయేసరికి, "పిలువు మామా!" అని గట్టిగా అరిచాడు.

ఆమె తల మీద కొంగు సర్దుకుంటూ వచ్చింది. "నాకు భయమైతున్నదక్కా" అంది. "నేను ఎనకనే ఉన్న. దాని దిక్కు చూడకు, నీ కొడుకు దిక్కు చూడు" అంది అక్క. ఆ తల్లి కళ్ళెం అందుకుంది. "పద బిడ్డా" అంది అక్క. బిజిలీ కదిలింది. నేను ఏమి వాయించానో నాకు తెలియదు, కళ్ళనిండా నీళ్ళు. హాలు దాకా ఆ తల్లి కొడుకును చూస్తూ వెనక్కి వెనక్కి నడిచింది. పెళ్ళికొడుకు కూడా మమ్మల్ని, మేళాన్ని, వీడియో వాణ్ణి ఎవర్నీ చూడలేదు. తల్లినే చూశాడు.

ఆ వారమే అక్క ఆగిపోయిన సూది వేయించుకుంది. మిగతావి ఒక్కటీ మానలేదు. జుట్టు మళ్ళీ వచ్చింది, తెల్లగా. "ఇప్పుడు మేమిద్దరం ఒకటే రంగు" అని మురిసిపోయింది. ఇంకా కొన్ని సీజన్లు బిజిలీ వెనక నడిచింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది, ఈసారి వదల్లేదు. బిజిలీ ముసలిదై స్వప్న దగ్గర ఉంది. పెళ్ళిళ్ళకు పంపడం లేదు.

నాకిప్పుడు సొంత మేళం ఉంది. ఏ పెళ్ళికి వెళ్ళినా డ్రమ్ము భుజానికి తగిలించుకున్నాక ఒకే మాట అడుగుతాను, పెళ్ళికొడుకు తల్లి ఏది అని. చాలాచోట్ల ఆమె పట్టుచీరలో ముందే ఉంటుంది. కొన్నిచోట్ల ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. మొన్న ఒక ఇంట్లో ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతోందన్నారు, ఆలస్యమవుతోంది కానియ్యమన్నారు. నేను పుల్లలు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. మావాళ్ళూ నిలబడ్డారు. పెద్దవాళ్ళు కసిరారు, ఎవరో తిట్టారు కూడా. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కొడుకు పక్కన నిలబడింది. అప్పుడు మొదలుపెట్టాం.