ఎర్రనీటి గీత

నా చిన్నప్పుడు మా తాతయ్య నావకి రెండు గీతలుండేవి. పైది తెల్లది, కిందది ఎర్రది. రెంటికీ మధ్య దూరం తాతయ్య చేతివేళ్ళతో రెండు వేళ్ళు. వేసవిలో సముద్రపు పోటు గోదావరిలోకి ఎక్కి నీళ్ళు ఉప్పగా ఉన్నప్పుడు తెల్లగీత దాకా బరువు వేసుకోవచ్చు. వానలు పడి పైనుంచి ఎర్రనీరు దిగిందంటే మాత్రం కింద ఉన్న ఎర్రగీత తడవకూడదు. ఉప్పునీళ్ళు ఎత్తుకుని మోస్తాయి, ఎర్రనీళ్ళు కిందకి లాగుతాయి అనేవాడు తాతయ్య. ఆ మాట నిజమేనని, అందులో ఎంత నిజమో లెక్కతో సహా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నమ్మేశాను, ఎందుకంటే చెప్పింది తాతయ్య.

ఆ గీతలు పుట్టడానికి కారణం మా రేవులోని ఒక రేకు బోర్డు. యానాం నుంచి ఎదుర్లంకకి వంతెన పడిన కొత్త రోజులవి. బస్సులు వంతెన మీద పోతున్నా, మా ఇంటి ఎదురుగా గోదావరి మధ్యలో ఉన్న లంకకి మాత్రం నావే దిక్కు. ఆఫీసువాళ్ళెవరో వచ్చి ఆ బోర్డు పాతి వెళ్ళారు. వేట ఆపాల్సిన రోజులు, వాడకూడని వలలు, నావలో నిలబడరాదు, పరిమితికి మించి ఎక్కరాదు అని అందులో వరసగా రాసి ఉండేది. జనం దాని మీద తడి వలలు ఆరేసుకునేవారు. తాతయ్యకి చదువు రాదు. ఒకరోజు వలలన్నీ పక్కకి తీసి, నాచేత ఒక్కో వాక్యం చదివించుకుని, ఒక్కోదాన్నీ తన ఒంటి కొలతల్లోకి మార్చుకున్నాడు. మూడు వేళ్ళు దూరని కన్నున్న వల ఆ సాయంత్రమే విప్పేశాడు. వేట ఆపమన్న రోజుల్లో మా వలలన్నీ అటకెక్కేవి, మాకు ఎండుచేపల పులుసే గతి. పరిమితి దగ్గరికి వచ్చేసరికి తాతయ్య ఆగిపోయాడు.

"ఎంతమందని రాశారే?"

"రాయలేదు తాతయ్యా."

"అయితే మనవే రాసుకోవాల."

గాలి లేని ఒక సాయంత్రం ఇంటిల్లిపాదినీ రేవుకి తీసుకెళ్ళాడు. ఒక్కొక్కర్నీ నావలోకి ఎక్కించి, నావ ఎంత దిగిందో అంచు పక్కన వేలు ఆనించి కొలిచాడు. అమ్మమ్మ ఎక్కితే ఒక వేలు వెడల్పు దిగింది. తాతయ్య ఎక్కితే వేలుంపావు. నేను ఎక్కితే అరవేలు. నేను ఒప్పుకోలేదు. గట్టిగా గెంతి మళ్ళీ కొలవమన్నాను. మళ్ళీ కొలిచాడు. అరవేలే. "తిండి తినవే, వేలవుతావు" అని అమ్మమ్మ నవ్వింది. అలా లెక్క కట్టుకుంటూ పోతే ఎర్రగీత దాకా నావ మోసేది అయిదున్నర వేళ్ళని తేలింది. నాకు లెక్కల మీద ఇష్టం పుట్టింది ఆ సాయంత్రమే. బడిలో చెప్పిన కూడికలు కాగితం మీద ఉండేవి. ఇవి నీళ్ళ మీద ఉన్నాయి, ముట్టుకుంటే తగులుతున్నాయి.

నావ గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. మా వాళ్ళెవరూ చెప్పులతో నావెక్కరు. నావంటే మాకు దేవుడి గది లాంటిది. ఒడ్డున చెప్పులు విడిచి, కాలి బురద నీళ్ళలో ఆడించి, అప్పుడు లోపల పాదం పెడతాం. నడక వచ్చినప్పటి నుంచి చేసే పని కాబట్టి అది చేస్తున్నామని కూడా మాకు తెలియదు.

ఆ లంకలో మా అమ్మమ్మ చెల్లెలు ఉండేది. నాకు చిన్నమ్మమ్మ. అక్కాచెల్లెళ్ళిద్దరికీ మధ్య ఉన్నది గోదావరి పాయ ఒక్కటే. వాళ్ళు పొద్దున్నే ఒడ్డుకొచ్చి ఒకరికొకరు చీరకొంగు ఊపుకునేవారు. నాకు పదేళ్ళు దాటిన ఏడాది, ఎర్రనీరు దిగిన రోజుల్లో, చిన్నమ్మమ్మ మంచం పట్టింది. ఒక రోజు పదిగంటలవేళ వాళ్ళబ్బాయి, నాకు మావయ్య వరస, ఎవరి నావలోనో ఇవతలికొచ్చి నర్సమ్మని పిలుచుకున్నాడు. అమ్మమ్మతో "అమ్మ నీ పేరే తలుస్తంది దొడ్డమ్మా, బేగా రా" అన్నాడు. అమ్మమ్మ పొయ్యి మీది అన్నం అలాగే దించేసి బయలుదేరింది. నేనూ వస్తానంటే వద్దంది. నాకు జబ్బంటే ఏమిటో తెలుసు, చనిపోవడమంటే ఏమిటో తెలియదు. చిన్నమ్మమ్మ నా కోసం గంపలో జామకాయలు దాస్తుందని మాత్రం తెలుసు. అందరికంటే ముందు పరుగెత్తి రేవుకెళ్ళి, నావ ముందుభాగంలో పోగేసి ఉన్న వల కిందికి దూరి ముడుచుకుని పడుకున్నాను.

తర్వాత జరిగిందంతా నేను చూడలేదు, విన్నాను. నావ ఒక్కొక్కరి బరువుకీ ఊగుతుంటే వల కింద నేను కూడుకుంటూ పోయాను. తాతయ్య వేలుంపావు. గెడ వెయ్యడానికి మావయ్య, మరో వేలుంపావు. నర్సమ్మ ఒక వేలు. యానాం ఆసుపత్రిలో పురుడు పోసుకుని లంకకి తిరిగి వెళ్తున్న బాలింత, ఒళ్ళో పసిగుడ్డుతో కలిపి ఒక వేలు. చివర అమ్మమ్మ ఒక వేలు. మొత్తం అయిదున్నర. సరిగ్గా సరిపోయింది. సరిపోయిందని సంబరపడ్డాను కూడా. నన్ను నేను కలుపుకోలేదు.

తాతయ్య కూర్చున్నచోటి నుంచే అంచు మీదుగా వంగి చూసినట్టున్నాడు. "గీత మునిగింది. అరవేలు" అన్నాడు.

"అరవేలే కదా పెదనాన్నా, ఏమవుద్ది? పోనియ్యి" అన్నాడు మావయ్య.

"మునగడానికి కావల్సింది అరవేలేరా. నీటి వడి చూశావా?"

 అంత బరువు మీద మావయ్య లేకపోతే ఆ వడిలో గెడ ఆనదు. నర్సమ్మ వెళ్ళకపోతే ప్రయాణమే అనవసరం. బాలింత తాను దిగుతానంది కానీ సన్నగా జల్లు మొదలైంది, ఆ రేవులో తల దాచుకోవడానికి చూరు లేదు. తాతయ్య గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి మెల్లగా.

"నువ్వు దిగవే. గంటలో వచ్చి తీసుకెల్తాను."

"నన్నా?" అంది అమ్మమ్మ. "అక్కడున్నది నా చెల్లెలయ్యా."

"తెలుసు. దిగు."

నాకు అప్పుడు లెక్క అర్థమైంది. ఆ అరవేలు నేనే. వల ఎత్తి ఒక్క మాటంటే చాలు, అమ్మమ్మ కూర్చుని ఉండేది. నేను అనలేదు. తంతారని భయం ఒకటి, గంటలో అమ్మమ్మ ఎలాగూ వస్తుంది కదా అన్న ధీమా ఒకటి. నావ కొద్దిగా పైకి లేచింది. అమ్మమ్మ దిగిపోయిందని నావే చెప్పింది నాకు.

పాయ సగం దాటాక ఊపిరాడక వల కిందనుంచి బయటికొచ్చాను. బాలింత కెవ్వుమంది. తాతయ్య తెడ్డు ఆపలేదు. నన్ను చూశాడు, గీత వైపు చూశాడు, తర్వాత వెనక్కి తిరిగి, ఒడ్డున కూర్చున్న అమ్మమ్మ వైపు చూశాడు. అంత దూరంనుంచి ఆమె ఒక మూటలా కనిపించింది. తాతయ్య మొహంలో నేను ఎదురుచూసిన కోపం రాలేదు. వచ్చింది వేరే ఏదో. ఇప్పటికీ దానికి పేరు పెట్టలేకపోతున్నాను.

"లేవకు. నావలో నిలబడకూడదు. కూచో" అని మాత్రం అన్నాడు. నావలో ఎప్పుడూ ఉంచే గాలి నింపిన లారీ ట్యూబుని కాలితో నా వైపు నెట్టాడు. నేను దాన్ని మెళ్ళో వేసుకున్నాను. వెనక్కి తిప్పుదామంటే నావ అప్పటికే నడి వడిలో ఉంది. అక్కడ అడ్డం తిప్పితే ఏ గీతా కాపాడదు. అది నాకూ తెలుసు.

చిన్నమ్మమ్మ ఇంకా ఉంది. కళ్ళు సగం తెరిచి, తలుపు వైపు చూస్తోంది. నేను దగ్గరికెళ్తే నా చేతిని పట్టుకుని తడిమింది. ఎవరి చెయ్యనుకుందో తెలియదు. "అక్కొచ్చిందా?" అంది. మావయ్య "వత్తందమ్మా" అన్నాడు. తాతయ్య అప్పటికే మళ్ళీ నావ దగ్గరికి పరుగెడుతున్నాడు. ఆయన పరుగెత్తడం నేను అదొక్కసారే చూశాను. నర్సమ్మ సూది వేసింది, మంచం పక్కన కూర్చుని నాడి పట్టుకుంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వెళ్ళడానికి వాలు, రావడానికి ఎదురు, ఇద్దరే ఉంటారు కాబట్టి నావ తేలిక. ఎన్నిసార్లు కూడినా అమ్మమ్మ సమయానికి చేరేది. నా లెక్కలో తప్పు లేదు. చిన్నమ్మమ్మ లెక్క మాత్రం నా చేతిలో లేదు. నర్సమ్మ ఆమె చెయ్యి మెల్లగా మంచం మీద పెట్టేసిన తర్వాత అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చింది.

ఏడుపులన్నీ కాస్త తగ్గాక అమ్మమ్మ కళ్ళు నా మీద పడ్డాయి. ఆమె ఏదో అడిగేలోపే తాతయ్య అందుకున్నాడు. "పాలవాళ్ళ నావెక్కి మనకన్నా ముందే వచ్చేసిందంట, దొంగపిల్ల." మావయ్య తల దించుకున్నాడు. నర్సమ్మ సంచి సర్దుకుంది. అమ్మమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ చెల్లెలి వైపు తిరిగిపోయింది. ఆ జామకాయల గంప మంచం కిందే ఉంది. అందులో ఆరున్నాయి. ఒక్కటీ తినలేకపోయాను.

ఆ తర్వాత ఊరు తాతయ్యని ఊరికే వదల్లేదు. పెళ్ళాన్ని దింపేసి పరాయోళ్ళని ఎక్కించుకున్న మొగుడన్నారు. రేవులో ఎవరైనా నావలో బరువెక్కువేస్తే, "గీతల తాతొత్తన్నాడ్రోయ్, పెళ్ళాల్ని దాచుకోండి" అని నవ్వేవారు. తాతయ్య మాత్రం ఏటా దీపావళి వెళ్ళాక ఆ రెండు గీతలకీ కొత్తగా రంగు వేసేవాడు. ఆ రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడేది నేను. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. తాతయ్య నా వైపు చూసి, "అరవేలు దాటావే, ముప్పావయ్యుంటావు" అని మాట మార్చేసేవాడు. ఒక్కసారి మాత్రం, కుంచె గీత చివర ఆపి, "గీత అబద్ధం చెప్పదమ్మా. మనిషి కనపడాల, అంతే" అన్నాడు. అది తిట్టు కాదు. అదే తిట్టయి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

అమ్మమ్మ ఆ రోజు గురించి తాతయ్యని ఒక్క మాటైనా అనగా నేను వినలేదు. అది మనసులో పెట్టుకున్న కోపమనే అనుకున్నాను. పొద్దున్నే ఒడ్డుకెళ్ళడం మానేసింది. ఎప్పుడైనా గోదావరి వైపు వెళ్ళాల్సొస్తే కొంగు నడుముకి గట్టిగా దోపుకునేది.

తాతయ్య పోయిన ఏడాది, నాకు పెళ్ళీడొచ్చాక, ఒక మధ్యాహ్నం అమ్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. వల, అయిదున్నర వేళ్ళు, నేను నోరెత్తకపోవడం, అన్నీ. తాతయ్య మీద ఆ నింద అలా ఉండిపోకూడదనిపించింది. అమ్మమ్మ చేట ఆపలేదు.

"నీ చెప్పులు మన రేవులోనే ఉన్నాయి కదే" అంది.

నాకు వెంటనే తట్టలేదు. ఆమే చెప్పింది. నావ వెళ్ళిపోయాక ఒడ్డున ఒక్కతీ కూర్చుంటే, తన చెప్పుల పక్కన నా చెప్పులు కనిపించాయట. వరసగా, ముచ్చటగా విడిచి ఉన్నాయట. పాలనావ ఎక్కేది పై రేవులో. ఆ గంటా ఆమె ఆ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లంకకి వస్తూ సంచిలో వేసుకొచ్చింది, తిరిగి ఇంటికి తెచ్చి గోడవారన ఎప్పుడూ ఉండే చోట పెట్టింది. దొంగతనంగా దాక్కోవడానికి వెళ్తూ కూడా నేను చెప్పులు విడిచే వెళ్ళాను.

"మరి ఎందుకు అడగలేదమ్మమ్మా?"

"మీ తాత అబద్ధమాడ్డం నా కాపరంలో అదొక్కసారే విన్నాను. పసిదాని కోసం ఆడాడు. దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు." బియ్యంలోకి చూస్తూనే, "పోయేముందు చెయ్యి పట్టుకుందా నీది?" అని అడిగింది.

పట్టుకుందన్నాను. అమ్మమ్మ చేట పక్కన పెట్టి నా కుడిచెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య చాలాసేపు ఉంచుకుంది. ఆమె అడిగింది అదొక్కటే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు.

నేను పదో తరగతితో ఆపేశాను కానీ లెక్కలు ఆపలేదు. దొరికిన పుస్తకాలు చూసి, తెలియనివి రేవులో కొలిచి, నా అంతట నేనే నేర్చుకున్నాను. కొత్త ఫైబర్ నావ తెచ్చుకున్నవాళ్ళు గీత గీయించుకోవడానికి ఇప్పుడు నన్నే పిలుస్తారు. కిలోలు, అంగుళాలు అన్నీ కాగితం మీద వేసిస్తాను. చివర్లో మాత్రం వేలు ఆనించి చూడకుండా వదలను. బరువు సరిగ్గా సరిపోయిన లెక్కల్ని నేను నమ్మను. ఎవరో ఒకరు కనపడకుండా ఉన్నారేమోనని నావ ముందుభాగంలోకి వంగి, వలలెత్తి చూస్తాను. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనిస్తాను.

ఎర్రనీరు దిగిన రోజుల్లో నేను లంకకి వెళ్ళాల్సొస్తే ఒడ్డున చెప్పులు విడిచి, పాదం కడుక్కుని, అందరికంటే ముందు నావలో అడుగు పెడతాను. తర్వాత ఒక్కొక్కర్నీ పిలుస్తూ పైకే లెక్కపెడతాను. ఆ లెక్కలో మొదటి వేలు నాదే.