జగదల్‌పూర్ కూరల బజారులో మెరిసే కొత్తిమీర

మా చెల్లి సుజాతకు టైఫాయిడ్ తగ్గి పది రోజులే అయింది, పైగా ఆరో నెల. నాలుగు రోజులు వండిపెడదామని విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, సాయంత్రానికి జగదల్‌పూర్‌లో వాళ్ల రైల్వే క్వార్టర్స్ చేరాను. బ్యాగు దింపి నేరుగా బజారుకెళ్లాను. కూరలు ఎంచడంలో నన్ను మించినవాడు లేడని నాకో పొగరు. తెలంగాణ సరిహద్దు నుంచి వచ్చి ఇక్కడ ఆకుకూరలు అమ్ముకుంటున్న తెలుగావిడ మట్టి అంటిన కొత్తిమీర కట్ట చూపిస్తే, "ఛీ, ఈ బురద ఎవరికమ్మా!" అని విసుక్కున్నాను. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఆవిడ గంపలోనే నీళ్లోడుతూ మెరిసే కట్ట ఉంది. మారుమాట్లాడకుండా కొన్నాను.

మర్నాడు పాలకూర కోసం ఐదున్నరకే బయల్దేరాను. షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. బజారు ముందు గేటు ఇంకా తీయలేదు, వెనక నుంచి పొమ్మని డ్రైవరు హిందీలో చెప్పి వెళ్లిపోయాడు. ఒకటే మంచు. ఎక్కడినుంచో చప్, చప్ అని నీళ్ల చప్పుడు, మనిషి మాట మాత్రం ఒక్కటీ లేదు. దగ్గరికెళితే, మురుగుకాలువ మలుపులో నిలిచిన నల్లటి నీళ్ల చుట్టూ పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. చలికి ముసుగులేసుకున్నారేమో, మొహాలు లేవు, చేతులే కనబడుతున్నాయి. ఆ చేతులు ఆకుకూరల్ని ముంచి, దులిపి, పక్కన పేరుస్తున్నాయి. ఉబ్బిన ఎలుక ఒకటి తేలుతూ వస్తే, ఓ చెయ్యి దాన్ని మెల్లగా అవతలికి నెట్టి మళ్లీ పాలకూర ముంచింది.

"ఏంది సార్, ఇంత పొద్దుగాల వచ్చిండ్రు?" అంటూ ఒక ముసుగు ఇటు తిరిగింది. నిన్నటావిడే.

"నిన్న నాకిచ్చింది కూడా ఇక్కడే కడిగావా?"

"ఇంకేడ కడుగుత? లోపల నల్లాల నీళ్లు వస్తలేవు. మట్టి కట్ట మీరే గదా వద్దన్నరు? మీరు తిరిగొచ్చేలోపు అదే కట్ట కడిగి పెట్టిన."

ఆవిడ గొంతులో బెరుకేమీ లేదు. పక్కన సంచిలో కడగని కొత్తిమీర విడిగా ఉంది. అదెవరికని అడిగాను.

"అది మా ఇంటికి సార్. మా పిల్లలు తింటరు."

చెల్లికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, ఎత్తదే! ఆటో దొరికి ఇల్లు చేరేసరికి ఏడయింది. వంటింట్లో ఉండి ఫోన్ వినలేదట. "నీ కొత్తిమీరతో పచ్చిగానే పచ్చడి నూరేశాను అన్నయ్యా. ఎన్నాళ్లకి నోటికి రుచి తెలిసిందో!" అంటూ గిన్నె చూపించింది. ఖాళీగా ఉంది. జరిగింది చెప్పగానే తన చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఇప్పుడే పరీక్ష వల్ల లాభం లేదు, జ్వరం తగిలితే వెంటనే రమ్మన్నారు డాక్టరుగారు.

ఎవరి మీద అరవను? మట్టితో నా ముందుకొచ్చిన కట్టను ఆ నీళ్లలోకి పంపింది నేనే. మీరు ఏ ఊరి బజారుకెళ్లినా మట్టి కట్టే అడిగి తీసుకోండి, ఇంట్లో మంచినీళ్లతో కడిగి, ఉడికించే తినండి. నేను సెలవు పొడిగించాను. తను ఆ పచ్చడి తిని ఇవాళ్టికి ఐదో రోజు. గంటకోసారి చెల్లి నుదురు తాకి చూస్తున్నాను. వెచ్చగా ఉన్నది తన నుదురో, నా చెయ్యో తెలియడం లేదు.