పరలోకంలో మా నాయన సీటు

డిగ్రీ పాసై, చేతికి మౌసు దొరికితే లోకాన్నే మార్చేస్తానని నమ్మిన రోజులవి. చిత్తూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే షాపులో డిజైనరుగా చేరాను. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, శ్రద్ధాంజలులు. మనిషి బతుకంతా నా కంప్యూటర్లో మూడు ఫోల్డర్లలో సర్దుకునేది (పుట్టుకకూ చావుకూ నేను వాడే మేఘాలు మాత్రం ఒకటే). ఒకరోజు ఒక పాస్టరుగారు వచ్చారు. కడవరి తీర్పు మీద సభలు పెట్టారట. "మద్దిలో సింహాసనం, సుట్టూ వానవిల్లు. ముందర గాజు సముద్రం. నాలుగు జీవులు, వాటికి ముందూ ఎనకా కండ్లు. ఇంకా ఇరవై నాలుగు సింహాసనాలు, వాటిమింద ఇరవై నలుగురు పెద్దలు, తెల్లబట్టలు, బంగారు కిరీటాలు. అర్థమాయెనా అప్పా?" అన్నారు. అర్థమైందన్నాను. వెళ్తూ వెళ్తూ, "మా పెద్దల పోటోలు వాట్సాప్‌లో వస్తాయి" అన్నారు. అవి అడుగు వరసలో వేయాల్సిన సభల కమిటీ ఫోటోలని ఆయన ఉద్దేశం. పెద్దలన్నాక సింహాసనం ఉండగా అడుగున ఎందుకుంటారని నా ఉద్దేశం.

జీవులకు కళ్లు అతికించేసరికే మధ్యాహ్నమైంది (కళ్లద్దాల షాపు పాత ఫ్లెక్సీ ఒకటి నన్ను ఆదుకుంది). తీరా చూస్తే పెద్దల ఫోటోలు ఇరవై మూడే వచ్చాయి. దేవుడి కొలువులో ఒక కుర్చీ ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది? ఫోనులో మా నాయన ఫోటో కనిపించింది. పలమనేరు దగ్గర పల్లెలో టమోటాలు పండించే మనిషి, శనివారం నామం పెట్టుకోనిదే పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. నామం చెరిపి, కిరీటం పెట్టి కూర్చోబెట్టాను. అందరికంటే ఆయనే బాగా కుదిరాడు.

మర్నాడు పొద్దున బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. పదింటికల్లా ఊరంతా గగ్గోలు. మేఘాల్లో తెల్లబట్టలు కట్టుకున్న మనుషులను చూసినవాళ్లు అక్షరాలు చదవడం మానేసి తలలు లెక్కపెట్టారు. ఏదో బస్సు బోల్తాపడి అందరూ ఒకేసారి పోయారనుకున్నారు. ఒక పెద్దగారింటికి బంధువులు దండ పట్టుకుని వెళ్తే, తలుపు తీసింది ఆయనే. మా మేనమామ కూడా ఆ దారిన పోతూ చూసి మా అమ్మకు ఫోన్ చేశాడు.

"అక్కా, బావ యాడుండాడు?"

"తోటలో మందు కొడతా ఉండాడు."

"ఒకసారి పోయి సూసి రా అక్కా."

ఒంటిగంటకు పాస్టరుగారు షాపుకొచ్చారు. వెంట, ఫోటో పంపడం మరిచిపోయిన ఇరవై నాలుగో పెద్ద. "పరలోకంలో నా సీట్లో కూసోనుండేది ఎవురప్పా?" అని ఆయన అడిగాడు. మా ఓనరు నావైపు చూసిన చూపులో నా ఉద్యోగానికి తీర్పు అయిపోయింది. "మా నాయన" అన్నాను, మంచి అబద్ధమేదీ తట్టక.

ఆ మాట అంటూండగానే నాయన వచ్చాడు. తోటలోంచి నేరుగా బస్సెక్కాడేమో, ఒళ్లంతా పురుగుమందు వాసన. దారిలోనే ఫ్లెక్సీ మీద తనను తాను చూసుకున్నట్టున్నాడు. "నా నామం యాడరా?" అన్నాడు. ఆయన పాస్టరుగారి వైపు తిరిగాడు. "తప్పు మావోడిది సామీ. నన్ను దింపేసి ఈయప్పను ఎక్కించండి. ఆడ ఏం పని సెయ్యాల్నో కూడా నాకు తెలీదు."

"ఆడ పనేముండదు పెద్దాయనా. రేయీ పగలూ స్తోత్రాలు పాడేదే."

"నేనా, పాడేదా? నేను గొంతెత్తితే మా ఆవు పాలు ఎగ్గొడతాది సామీ."

పాస్టరుగారు ముందు ఆపుకోవాలని చూసి, తర్వాత కుర్చీలో కూలబడి నవ్వారు. ఆయన నవ్వాక ఓనరుకూ నవ్వక తప్పలేదు. నా ఉద్యోగం మిగిలింది. సాయంత్రానికి, ముఖాల చోట వెలుగు పెట్టి పెద్దలందరినీ మళ్లీ కొట్టాం. కమిటీ అడుగు వరసలోకి దిగింది. సింహాసనం రుచి మరిగిన ఇద్దరు ముగ్గురు ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పాత ఫ్లెక్సీని నాయన అడిగి మడిచిపెట్టుకుని, తీసుకుపోయి ఆవుల కొట్టం మీద పరిచాడు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. ఒక పేరులో దీర్ఘం పెట్టాలన్నా మూడుసార్లు ఫోన్ చేసి అడుగుతాను. ఒక్క మధ్యాహ్నంలో, ఎవరినీ అడక్కుండా పరలోకాన్ని నింపేసిన ఆ కుర్రవాడు ఉద్యోగానికి వస్తే నేను చచ్చినా పెట్టుకోను. కానీ ఒక్కోరోజు, పక్క కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు, వాడొచ్చి కాసేపు కూర్చుంటే బాగుండుననిపిస్తుంది.