వేట బస మూలపలక

స్నేజ్నిక్ కొండ కింది అడవిలో నీళ్ళు నేల మీద నిలవవు. సున్నపురాళ్ళ బొక్కల్లోంచి లోపలికి జారిపోయి, ఎక్కడో దిగువన ఇంకో పేరుతో బయటపడతాయి. అక్కడి మనుషులూ కొంచెం అలాంటివాళ్ళే. లోపల మునిగిన మాట ఏళ్ళ తర్వాత, సంబంధం లేని చోట, ఏ సంకటి గిన్నె ముందో పైకి తేలుతుంది.

రంపపు మిల్లులో వయసంతా గడిపి ఇంటిపట్టున కూర్చున్న గాష్పెర్‌కి ఇప్పుడు మిగిలిన ఉద్యోగం ఒక్కటే, అదీ జీతం లేనిది. ఊరి వేటగాళ్ళ సంఘానికి బీచ్ చెట్ల మధ్య ఒక చెక్క బస ఉంది. దాని తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. బస ఊడవడం, కిటికీలు తుడవడం, పొయ్యిగొట్టంలో మసి దులపడం ఆయన పనులు. ఆయనకు శుభ్రం పిచ్చి. బూట్లు విడవకుండా లోపలికి వచ్చినవాడు సంఘం అధ్యక్షుడైనా సరే, వెనక్కి పంపి మంచు దులిపించేవాడు.

ఒక శీతాకాలం వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆయన ముక్కును కూడా పట్టుకుపోయింది. అప్పటినుంచి పొయ్యి మీద క్యాబేజీ పులుసు మాడినా తెలియదు, కోసిన దేవదారు వాసనా తెలియదు. లోకం కిటికీ అద్దానికి అవతల ఉన్నట్టుండేది.

"నీకేం, అదృష్టవంతుడివి," అనేది భార్య పోలోన. "మీ వేటగాళ్ళ మేజోళ్ళ మధ్య కూర్చుని హాయిగా భోంచేయగలవు."

వాసనలు కలల్లో మాత్రం వచ్చేవి. వాటిలో ఒకటి మళ్ళీ మళ్ళీ వచ్చేది. తను పడుచువాడు; భుజం మీద బరువైన చెక్క పెట్టె. పలకల సందుల్లోంచి వెచ్చటి ఊపిరి మెడకు తగులుతోంది. ఊపిరితోపాటు ఘాటుగా, చేదుగా ఒక వాసన. అది ఉత్త కల కాదు, జరిగిందే. ఆ అడవుల్లో లింక్సులు నశించి తాతల కాలమైంది. చెవుల కొసన నల్లని కుచ్చులున్న ఆ పెద్ద అడవిపిల్లి, జింకలు తింటుందన్న కోపానికి బలైపోయింది. అలా చంపిన వేటగాళ్ళ మనవలే పశ్చాత్తాపమో, ముచ్చటో, స్లొవాకియా నుంచి కొన్నింటిని పెట్టెల్లో తెప్పించి వదిలారు. ఆ పెట్టెల్లో ఒకదాన్ని మోసిన భుజం గాష్పెర్‌ది. తలుపు ఎత్తగానే లోపలిది బాణంలా దూసుకుపోలేదు. ఒక్క క్షణం ఆయన వైపు చూసి, తీరిగ్గా, పొగమంచులోకి ఇంకిపోయినట్టు నడిచి వెళ్ళింది. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, మిల్లు. ఎన్ని వచ్చినా, ఆయన జీవితంలో గొప్ప సంగతి ఏదని అడిగితే ఆ నడకనే చెప్పేవాడు. పోలోనకు దానిమీద కొంచెం కినుక కూడా ఉండేది.

నవంబరులో వేటగాళ్ళ పుణ్యపురుషుడు హుబెర్ట్ పండగ బసలోనే జరుగుతుంది. ఆ వేళ భార్యలూ వస్తారు. ఒక ఏడు పోలోన అక్రోటు రొట్టె పళ్ళెంతో బస వెనక మూల తిరగబోయి, ముక్కు మూసుకుని వచ్చింది.

"ఏమయ్యా, మీవాళ్ళు సారా తాగి తలుపు దాటితే నాలుగడుగులు వేయలేరా? ఆ మూల దగ్గర కంపు భరించలేకపోతున్నాం."

"మాతియా పనే అయ్యుంటుంది," అన్నాడు గాష్పెర్, ముఖం ఎర్రబడి.

"నేనా!" అన్నాడు లావుపాటి మాతియా, గ్లాసు బల్లమీద పెట్టి. "వదినా, నీ రొట్టె మీద ఒట్టు. నేనెప్పుడూ ఆ ఫిర్ చెట్టు దగ్గరికే పోతాను."

"పోయి చెట్టునడగనా?" అంది పోలోన.

అందరూ పకపకా నవ్వారు. గాష్పెర్ నవ్వలేదు. తన బసలో కంపు, అదీ తనకు తెలియకుండా! మరుసటి ఏడు పండగకు ముందే ఆ మూలపలక పెరికి, కొత్త లార్చి పలక బిగించి, బస చుట్టూ తారు పూశాడు. పాత పలక చెక్కుచెదరలేదు గనుక పోలోన దాన్ని తీసుకుపోయి కట్టెల కొట్టంలో ఊరగాయ సీసాలకు అరగా వేసుకుంది. పండగనాడు బస నల్లగా నిగనిగలాడింది. ఆడవాళ్ళెవరూ ముక్కు మూసుకోలేదు.

ఆ శీతాకాలం చివర్లో నేజా వచ్చింది. లింక్సుల మీద పరిశోధన చేసే పిల్ల. గాష్పెర్‌ను బాబాయ్ అనీ, పోలోనను పిన్నీ అనీ పిలిచేది. బక్‌వీట్ సంకటి ముందు కూర్చుని కూడా చెంచా ముట్టుకోలేదు.

"బ్రాద్ వెళ్ళిపోతున్నాడు బాబాయ్," అంది.

బ్రాద్ అంటే రుమేనియా కొండల నుంచి తెచ్చి వదిలిన మగ లింక్స్. తేవాల్సి రావడానికి కారణం ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ అడవిలో ఉన్నవన్నీ ఆ కొద్ది పెట్టెల సంతానమే. అన్నకు చెల్లెలు, తండ్రికి కూతురు తప్ప జతలేక, ఈనే కూనలు తగ్గి, బతికేవి ఇంకా తగ్గాయి. ఈ కొండమీద మిగిలిన ఆడదాన్ని వేటగాళ్ళు 'అత్త' అనేవాళ్ళు, ఎవరి ముందూ తలవంచని దాని చూపు వల్ల. అత్తకు పరాయి నెత్తురు వాడు దొరకాలి. దొరికాడు. కానీ ఆమె జాడ తెలియక పడమటికి, పెద్ద రోడ్డు వైపు పోతున్నాడని వాడికి కట్టిన రేడియో మెడపట్టీ చెబుతోంది.

"జతకట్టే కాలం ముంచుకొస్తోంది. తనకిక్కడ ఎవరూ లేరనుకుంటున్నాడు. అత్త ఎక్కడో గుర్తు పెడుతూనే ఉండాలి, రాళ్ళకో, మొద్దులకో, పాత చెక్క ఇళ్ళ మూలలకో. మన చుట్టుపక్కల ఎక్కడా కనబడలేదు. పిన్నీ, మీకెక్కడైనా వాసన తగిలిందా? పిల్లి ఉచ్చ లాంటిది, ఇంకా ఘాటుగా?"

"మనకా భాగ్యం లేదమ్మా. ఒకప్పుడు బస మూల దగ్గర ఉండేది. మన పిల్లి ముర్క మగదిగా పుట్టి, ఏనుగంత పెరిగితే ఎలా కంపు కొడుతుందో అలా. అది ఈ వేటగాళ్ళ నిర్వాకం..."

పోలోన మాట సగంలోనే ఆగింది. గాష్పెర్ చెంచా గిన్నెలో పడింది.

రేవు పట్టణాల్లో గోడలుంటాయి. సినిమా కాగితం మీద సినిమా కాగితం, దానిమీద ఎన్నికల కాగితం, దానిమీద తప్పిపోయిన పిల్లవాడి బొమ్మ అతికిస్తూ పోతే, గోడ కన్నా కాగితాల పొరే మందమవుతుంది. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఆ గోడ ముందు కాసేపు నిలబడితే చాలు, ఎవరున్నారో, ఎవరు పోయారో తెలిసిపోతుంది. బస మూల అలాంటి గోడ. పెట్టెలో వచ్చిన మొదటిదాని దగ్గర్నుంచి దాని మునిమనవరాలు అత్త దాకా అందరూ అక్కడ తమ సంగతి చెప్పుకుంటూ పోయారు. అత్తకు ఇప్పుడు అక్కడ తారు కంపే తగిలి ఉంటుంది. మొహం తిప్పుకుని పోయి ఉంటుంది.

"నేను తుడిచేశాను," అన్నాడు గాష్పెర్. "మోసుకొచ్చిందీ నేనే, తుడిచిందీ నేనే."

"కంపని అన్నది నేను," అంది పోలోన, మొదటిసారి గొంతు తగ్గించి. ఉన్నట్టుండి లేచి నిలబడింది. "ముర్క! ఆకులు రాలిన కాలం నుంచీ అది కట్టెల కొట్టంలోకి పోవట్లేదు. గడప దగ్గరే తోక పొంగించి బుస్సుమంటోంది. ముంగిస లాంటి ఆ మార్టెన్ ఏదో దూరిందనుకుని బోను కూడా పెట్టాను!"

ముగ్గురూ కొట్టంలోకి పరుగెత్తారు. ఊరగాయ సీసాలు దింపి పలకను వెలుతుర్లోకి తెచ్చారు. నేజా వంగి ముక్కు ఆనించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఘాటుకో, సంతోషానికో.

"పని చేస్తుందని మాట ఇవ్వలేను బాబాయ్."

"నేను నిన్ను మాట అడగలేదు," అన్నాడాయన.

పలకను మంచుబండి మీద కట్టి అడవిలోకి లాగారు. మాతియా కూడా వచ్చి మూల దగ్గర తారు గీకాడు; గీకినంతసేపూ ఊరుకోలేదు. "ఒక తువ్వాలు, ఒక సబ్బూ కూడా పెట్టు గాష్పెర్. అత్తగారు స్నానం చేసి వస్తుంది." గాష్పెర్ లార్చి పలక ఊడదీసి, పాతదాన్ని దాని చీలల బొక్కల్లోకే బిగించాడు.

తర్వాత ఎదురుచూపు. బ్రాద్ రోడ్డు దాకా పోయి ఆగాడని నేజా చెప్పింది. వెనక్కి మళ్ళాడంది. ఆ తర్వాత గుంటలోయల్లో దిగాడేమో, మెడపట్టీ మూగబోయింది. బస దగ్గర నేజా కట్టిన కెమెరాకు మంచు కప్పిన తెల్లదనం తప్ప ఏమీ అందలేదు. గాష్పెర్‌కి పాత కల వచ్చింది, కానీ ఈసారి పెట్టె తలుపు ఎత్తితే లోపల ఏమీ లేదు, వాసన కూడా లేదు. లేచి మంచం మీద కూర్చున్నాడు. తెల్లవారుతోంది.

"పోలోనా, బసకు వస్తావా? నీ ముక్కు కావాలి."

"నలభై ఏళ్ళ నుంచి నా నోరే వద్దన్నావు. ముక్కైనా పనికొచ్చింది," అంటూనే బూట్లు తొడుక్కుంది.

అడవి పాలలో మునిగినట్టుంది. చెట్లు దగ్గరికి వచ్చాకే చెట్లవుతున్నాయి. ఎక్కడో మంచు కరిగి, నేల బొక్కల్లోకి జారుతున్న చప్పుడు. బస నల్లటి పడవలా తేలి వచ్చింది.

పోలోన మూల దగ్గర వంగింది. గాష్పెర్ టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు, గుళ్ళో నిలబడ్డట్టు.

"పాతది కొంచెం ఉంది," అంది. పక్కకు జరిగింది. ఆయన తారు పూసి మెరిపించిన తలుపు దగ్గర గబుక్కున ముక్కు మూసుకుంది. "అయ్యయ్యో! ఇదెక్కడి కంపు! నీ తలుపంతా పాడు చేశారయ్యా!"

"కొత్తదా?"

"ఈ పొద్దుటిది."

గాష్పెర్ తలుపుకు ముఖం ఆనించాడు. చలి తప్ప ఏమీ తగల్లేదు. "ఎలా ఉంది? చెప్పు."

పోలోనకు మాటలకు కరువెప్పుడూ లేదు. ఇప్పుడు వెతుక్కుంది. "చేదుగా ఉంది. వేడిగా. ఎండలో మరిచిపోయిన తోలు కోటులా... అడుగున ఏదో తియ్యగా. పొద్దున్నే పాలు పితికే చోటులా." మళ్ళీ తలుపు వైపు వంగి అంది, "మన పెళ్ళికి ముందు నువ్వోసారి మా ఇంటికొచ్చావు, చొక్కా మార్చుకోకుండా, ఆ పెట్టె మోసిన రోజు. మా అమ్మ నిన్ను గుమ్మంలోనే ఆపేసింది. అదే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. భుజం మీద బరువు తెలిసింది. మెడమీద ఊపిరి తెలిసింది.

తలుపు ముందు మంచులో వెడల్పాటి అడుగులు పడమటి వైపు నుంచి వచ్చాయి. చిన్నవి బీచ్ చెట్ల లోపలి నుంచి వచ్చాయి. గడప దగ్గర కలగాపులగమై, అక్కడి నుంచి రెండూ పక్కపక్కనే పైకి, పొగమంచులోకి పోయాయి.

"తలుపు తుడవనా?" అంది పోలోన, తలగుడ్డ కొసలో నవ్వు దాచుకుంటూ.

గాష్పెర్ ఆమె చేయి పట్టుకుని, జాడల మీద అడుగు పడకుండా, చుట్టూ తిప్పి ఇంటికి నడిపించాడు.