బాలింత రక్తం

మేం లూథరన్ వాళ్ళం. మైల, అంటు, ముహూర్తం లాంటివి మా ఇంటి గుమ్మం తొక్కవని మా అమ్మ గొప్పగా చెప్పుకుంటుంది. కానీ ఇంట్లో ఆడపిల్లకి పురుడొస్తే చాలు, బైబిల్లో ఎక్కడా లేని నియమాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చేస్తాయి. బాలింతకి చెవుల్లో దూది, తలకి గుడ్డ. కిటికీలు బిగించేసి గదిలో కుంపటి. మంచినీళ్ళు గొంతు తడిసేంత వరకే, ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందట. వీటన్నిటి మీదా ఇంకోటుంది. బాలింత ఒంట్లోంచి రక్తం తియ్యనివ్వకూడదు. కాన్పులో పోయింది చాలక మళ్ళీ సూది గుచ్చి లాగుతారా అంటుంది.

నాకు పిల్లల్లేరు. స్కూల్లో సైన్సు చెప్తాను. మా ఊళ్ళో జనానికి గుర్తుండేది ఈ రెండింట్లో మొదటిదే. అంచేత బాలింత గదిలో నా మాటకి విలువుండదు, మూల కూర్చుని ఉయ్యాల ఊపడం వరకే నా పని.

చెల్లికి రాజమండ్రిలో మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. మరిదికి యానాంలో ఉద్యోగం, బిడ్డని చూసుకుని మురిసిపోయి మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. చెల్లిని రావులపాలెం దగ్గర అమ్మావాళ్ళ ఊరికి తీసుకొచ్చారు. ఆ వారం నాకు స్కూల్లో పరీక్షలు. ఆదివారం చర్చి అవగానే నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను.

గదిలో అడుగు పెడితే పొయ్యిలోకి దూరినట్టుంది. చెల్లి గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. చెల్లి ఇటు తిరగలేదు. పిల్ల పుట్టకముందే దానికి పది పేర్లు ఆలోచించి పెట్టుకున్న మనిషి, అది ఏడుస్తుంటే కదలడం లేదు.

"ఏంటమ్మా ఇలా ఉంది?" అన్నాను.

"ఎలా ఉంది? బాలింతలు ఎలా ఉంటారో అలాగే ఉంది" అంది అమ్మ, బిడ్డని ఎత్తుకుంటూ.

చెల్లి నుదురు ముట్టుకున్నాను. చెమట. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

"పట్టనీ. ఒంట్లో చెడంతా చెమటలోనే పోవాలి" అంది అమ్మ.

"ఊపిరి చూడు, ఎలా ఎగబీలుస్తోందో."

"నీరసమే. కాన్పంటే మాటలా?"

"ఒంటేలుకి ఎప్పుడు వెళ్ళింది?"

"తాగితే కదే వెళ్ళడానికి."

రాత్రి జ్వరం వచ్చిందని కూడా అమ్మే చెప్పింది. పాలు పడేటప్పుడు వచ్చే పాలజ్వరమేనట, ఎవరికైనా వస్తుందట. మాత్ర వేస్తే దిగిపోయిందట. థర్మామీటరు పెట్టి చూశాను. నిజమే, జ్వరం లేదు. అమ్మ నావైపు చూసిన చూపులో "చూశావా" అన్న మాట ఉంది.

ఆ గదిలో నిలబడి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఒక్కో లక్షణానికీ మా ఆచారం దగ్గర ఒక్కో సమాధానం తయారుగా ఉంది. చెమట కుంపటి వల్ల, మూత్రం రాకపోవడం నీళ్ళివ్వనందువల్ల, మగత కాన్పు అలసట వల్ల. మనిషి లోపల ఏమైపోతున్నా పైకి తెలియకుండా నాలుగువైపులా దుప్పటి కప్పేశాం. లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగింది రక్తం ఒక్కటే. దాన్ని ముట్టుకోకూడదట.

పెరట్లోకి వెళ్ళి కాన్పు చేసిన డాక్టరమ్మగారికి ఫోన్ చేశాను. నేను చూసిందంతా చెప్పాను.

"జ్వరం లేదని ధైర్యపడకండి. మాత్ర వేశారు కదా. ఒక్కోసారి ఇన్ఫెక్షను ముదిరితే ఒళ్ళు చల్లబడుతుంది కూడా" అన్నారావిడ. "నాకు సెప్సిస్ అనుమానంగా ఉందండి. ఒకచోట మొదలైన ఇన్ఫెక్షనుతో పోరాడబోయి ఒళ్ళు అదుపు తప్పి, తన అవయవాల్నే పాడుచేసుకుంటుంది. రక్తం చూడాలి. ఉన్నపళంగా బయల్దేరండి."

లోపలికొచ్చి చెప్పాను. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బాలింత బయటికెళ్తే గాలి సోకుతుందంది. ఉన్న రక్తం కూడా లాగేస్తారంది. రేపు పొద్దున్న చూద్దామంది. నేను దేనికీ తగ్గకపోయేసరికి చివరికి ఆ మాట అంది.

"నువ్వు పిల్లల్ని కన్నదానివైతే తెలిసేదే."

తగలాల్సిన చోటే తగిలింది. ఇంకోరోజైతే ఆ మాటకి నేను బ్యాగు తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. ఆరోజు కాళ్ళు కదల్లేదు. కనలేదు కాబట్టి తెలియదంటే, కన్న ఆవిడకి ఏం తెలిసిందో నా కళ్ళెదురుగా మంచం మీద ఉంది కదా అనిపించింది.

మంచం దగ్గర కూర్చుని "వెళ్దామా?" అని చెల్లిని అడిగాను.

"నీళ్ళివ్వక్కా" అంది.

అమ్మ చూస్తుండగానే చెంబు తెచ్చి తలెత్తి పట్టుకుని తాగించాను. అది తాగుతుంటే గొంతు కదిలే తీరు చూసి ఏడుపొచ్చింది. చెవుల్లో దూది కూడా పీకేశాను. అప్పుడది పీకాల్సిన అవసరమేం లేదు, కానీ పీకాలనిపించింది.

ఎదురింటివాళ్ళని కారు తియ్యమని అడిగాను. బయల్దేరేటప్పుడు అమ్మ ఇక ఆపలేక, బిడ్డని పొత్తిళ్ళలో చుట్టుకుని తనూ ఎక్కేసింది. దారిపొడవునా కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన చేసింది. "ప్రభువా, మొండివాళ్ళకి బుద్ధి దయచెయ్యి" అంది. ముందు సీట్లోంచి "ఆమెన్" అన్నాను నేను. గోదావరి బ్రిడ్జి ఎక్కాక అద్దం కొంచెం దించాను. చెల్లి మొహం గాలివైపు తిప్పుకుంది.

ఆసుపత్రిలో బీపీ చూడగానే నర్సులు హడావిడి పడ్డారు. సెలైన్ పెట్టారు. డాక్టరమ్మగారు పొట్ట నొక్కి చూస్తే చెల్లి మూలిగింది. ఏం పరీక్షలు చేస్తారని అడిగాను. విసుక్కోకుండా చెప్పారు.

"తెల్లకణాలూ, ఒంట్లో వాపు చూపించే సీఆర్పీ కాన్పయిన వాళ్ళకి మామూలుగానే పెరిగి ఉంటాయండి. వాటితో తేల్చలేం. ప్రోకాల్సిటోనిన్ అని ఇంకోటుంది. బాక్టీరియా గట్టిగా దాడి చేస్తుంటే అది త్వరగా పెరుగుతుంది. లాక్టేట్ పెరిగిందంటే అవయవాలకి రక్తం సరిగ్గా అందట్లేదేమోనని చూసుకోవాలి. ఏ ఒక్కదాన్నో పట్టుకుని తీర్పు చెప్పను. మనిషినీ వీటినీ కలిపి చూస్తాను. ఏ క్రిమో తెలియడానికి రెండు చేతుల్లోంచీ వేరేగా రక్తం తీసి కల్చరుకి పంపాలి."

"రెండు చేతులా?" అంది అమ్మ.

మొదటి చేతిలోంచి తీస్తున్నంతసేపూ పళ్ళు బిగబట్టి నిలబడింది. నర్సు రెండోవైపు వచ్చేసరికి ఇక ఆగలేదు. చెల్లి చేతిని లాక్కుని తన పైట కింద దాచేసింది. నర్సు పాపం వెనక్కి తగ్గి "పెద్దావిడ ఒప్పుకోవట్లేదండి" అంది నాతో.

నేను మా అమ్మ మణికట్టు పట్టుకుని లాగేశాను. మెల్లగా కాదు. నా వేళ్ళ గుర్తులు పడ్డాయి. అమ్మ చెయ్యిని అలా పట్టుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. "తియ్యండమ్మా" అన్నాను నర్సుతో, అమ్మ చెయ్యి వదలకుండానే. సీసా నిండేదాకా అలాగే పట్టుకున్నాను. అందుకు నేను బాధపడలేదు, ఇప్పుడూ పడటం లేదు.

లాక్టేట్ ఫలితం కాసేపట్లోనే వచ్చింది. ఎక్కువగా ఉంది. మిగతావాటి కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టేశారు. సాయంత్రానికి ప్రోకాల్సిటోనిన్ వచ్చింది. డాక్టరమ్మగారు ఆ కాగితం చూసి, నన్ను చూసి, "రేపు తెచ్చుంటే మీకు నేను వేరే మాటలు చెప్పాల్సొచ్చేది" అన్నారు. స్కానింగ్‌లో సంగతి బయటపడింది. కాన్పులో బయటికి రాకుండా గర్భసంచిలో చిన్న మాయముక్క ఉండిపోయి కుళ్ళింది. అది తీసేయడానికి చెల్లిని లోపలికి తీసుకెళ్ళారు.

మాయముక్క అన్న మాట వినగానే అమ్మ వరండాలో బల్ల మీద కూలబడింది. ప్రోకాల్సిటోనిన్ ఆవిడకి అర్థం కాలేదు గానీ ఇది అర్థమైంది.

"మా చిన్నమ్మ అలాగే పోయింది" అంది, ఎదురుగా గోడకి చెప్తున్నట్టు.

అమ్మకో చిన్నమ్మ ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంకెవరైనా అయితే పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసి ఉండేవారు. నేను అలా చెయ్యలేదు.

"అప్పుడు కూడా పాలజ్వరమే అన్నారా?" అని అడిగాను.

అమ్మ నావైపు తిరిగింది. బిడ్డని గుండెకి హత్తుకుని లేచి వరండా చివరికి వెళ్ళిపోయింది.

చెల్లి కోలుకుంది. కొన్నాళ్ళు ఐసీయూలో ఉంది, మళ్ళీ మళ్ళీ రక్తం తీశారు. ప్రోకాల్సిటోనిన్ దిగుతూ వచ్చింది. మనిషి తేరుకోవడం చూసి, దాన్ని కూడా చూసి మందు ఆపేశారు. సూది తెచ్చినప్పుడల్లా అమ్మ బయటికి వెళ్ళిపోయేది, అడ్డుపడలేదు. చెల్లికి పాలు మాత్రం ఎండిపోయాయి. బిడ్డ డబ్బాపాలతోనే పెరిగింది. ఇప్పుడు గోడలు పట్టుకుని నడుస్తోంది.

ఆ వరండాలో అడిగిన ప్రశ్న తర్వాత అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వెళ్తే అన్నం పెడుతుంది. కూర కావాలో వద్దో చెల్లిచేత అడిగిస్తుంది. చర్చిలో ఆడవాళ్ళతో, పెద్దది తన చెయ్యి విరిచినంత పని చేసిందని, దానివల్లే పసిదానికి తల్లిపాలు లేకుండా పోయాయని చెప్తుందట. వాళ్ళలో ఒకావిడ నన్ను ఆపి, పెద్దావిడ కదా, ఒక్కసారి క్షమించమని అడిగితే పోతుందిగా అంది.

అడగను. రేపు ఇంకో బాలింత దగ్గర అదే చెయ్యి అడ్డొస్తే మళ్ళీ అలాగే లాగుతాను. నాతో మాట్లాడని అమ్మని ఎన్నేళ్ళయినా భరిస్తాను. కడుపుకోత పడ్డ అమ్మని మాత్రం నేను చూడలేను.