జావ కాచిన ఆచార్యుడు

"సరళా, మీ సార్ వెళ్ళిపోయినారమ్మా. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగిపెట్టి, కుర్చీలో కూచున్నారు. అంతే."

ఫోనులో సార్ భార్య, మేం మేడమ్ అని పిలిచే సుభద్రమ్మగారి గొంతు. వృక్షశాస్త్ర విభాగం ప్రయోగశాలలో, సూక్ష్మదర్శిని ముందు ఉన్నాను. అంతటి దుఃఖంలోనూ నాకు ముందుగా తోచిన మాట చెబితే నవ్వుతారు: అయ్యో, ఇక మేడమ్‌కు జావ ఎవరు కాస్తారు? మరుక్షణమే గుర్తొచ్చింది, మేడమ్ జావ మానేసి మూడేళ్ళు కావస్తోందని. ఆవిడ ఇప్పుడు కడుపునిండా అన్నం తింటున్నారు. ఏడుస్తూనే హమ్మయ్య అనుకున్నాను.

ఆచార్య రాఘవేంద్రరావుగారిది ఆదోని. మా విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలు వృక్షాంతర్నిర్మాణ శాస్త్రం బోధించారు. పదవీ విరమణ చేశాక కూడా తార్నాక నుంచి నడుచుకుంటూ రోజూ ప్రయోగశాలకు వచ్చేవారు. చిటికెడు పిండి గాజుపలక మీద వేసి చూపిస్తే అది ఏ ధాన్యమో చెప్పగల సునిశిత దృష్టి ఆయనది. రికార్డులో బొమ్మ అందంగా వేసుకొచ్చిన విద్యార్థి ఆయనకు దొరికిపోయాడన్నమాటే. "చూసింది రాయండి. అనుకున్నది రాయొద్దండి" అనేవారు. మౌలాలి నుంచి బస్సెక్కి వచ్చే నాలాంటిదానికి శాస్త్రమంటే ఏమిటో ఆ రెండు వాక్యాలే నేర్పాయి.

అటువంటి మనిషి ఇంట్లో పదకొండేళ్ళపాటు పేరులేని జబ్బు కాపురం చేసింది. సుభద్రమ్మగారు విద్యానగర్‌లోని ఒక బడిలో లెక్కల టీచరు. ఏం తిన్నా కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలు. ఒక పీరియడ్ పూర్తిగా నిలబడి పాఠం చెప్పలేక ఉద్యోగం మానేశారు. మనిషి చిక్కి శల్యమయ్యారు. ఎన్ని ఆసుపత్రులు తిరిగినా అన్ని కాగితాల మీదా ఒకటే మాట, నార్మల్. "నార్మల్ అంట. అయితే ఈ నొప్పి ఎవరిదండీ?" అని ఆవిడ అడిగేవారు. ఒక వైద్యుడు ఇదంతా మనసు జబ్బని నిద్రమాత్రలు రాశాడు. సార్ ఆ చీటీ నాలుగు ముక్కలు చేసి ఆయన బల్ల మీదే పెట్టి వచ్చారు. సార్ కోపం నేనెరిగినంతలో అదొక్కటే.

సార్ దగ్గర ఒక పటం ఉండేది. తార్నాక నుంచి అంబర్‌పేట్ దాకా, ఇటు మౌలాలి దాకా, దారిలో ఎక్కడెక్కడ శుభ్రమైన బాత్రూములున్నాయో ఎర్రసిరాతో గుర్తులు పెట్టిన పటం. ఏ పెట్రోలు బంకులో తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా రాసుకున్నారు. మా ఇంటి మీద కూడా ఒక ఎర్రచుక్క ఉందని తెలిసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇక జావ సంగతి. కడుపు బాగాలేదంటే మన ఇళ్ళల్లో ఏం చేస్తారు? అన్నం బరువంటారు. బ్రెడ్డో రస్కో ఇస్తారు, గోధుమరవ్వ జావ కాస్తారు. సార్ తెల్లవారుతూనే లేచి, రవ్వ దోరగా వేయించి, ఇంగువ వేసి, ఉండకట్టకుండా జావ కాచేవారు. మధ్యాహ్నం పుల్కాలు. ఒంటిగంట కొట్టగానే ప్రయోగశాల నుంచి ఫోను చేసి "తిన్నావా?" అని అడిగేవారు. అటు నుంచి "తిన్నానండి" అని వినిపించేది. చాలాసార్లు అది అబద్ధమని ఆవిడే నాతో అన్నారు. పైగా, "నువ్వు రొట్టె తింటుంటే నేను అన్నం ఎట్ల తినేది?" అని సార్ తానూ అన్నం మానేశారు. అచ్చమైన రాయలసీమ మనిషి పదకొండేళ్ళు గోధుమల మీద బతికాడు!

ఇక్కడ నా పాపం కూడా ఒప్పుకోవాలి. ఒకరోజు విసుగొచ్చి అనేశాను: "సార్, మేడమ్‌కు ఏం లేదేమో. గట్ల అలవాటయింది కావచ్చు." సార్ నన్ను తిట్టలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, "చూసినావా, అనుకున్నావా?" అన్నారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

చివరికి పంజాబ్ వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ, మందుల జోలికి పోకుండా, రోజూ ఏమేం తింటారో చెప్పమన్నది. సార్ గర్వంగా మొత్తం వల్లెవేశారు. ఆమె పెన్ను కింద పెట్టేసి, రక్తపరీక్ష రాసింది, తర్వాత పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించమన్నది. జబ్బుకు పేరు దొరికింది. గోధుమే ఆవిడకు పడదు, జీవితాంతం ముట్టకూడదు.

ఆ రోజు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి సార్ కూచుని ఏడుస్తున్నారు. "నా చేత్తోనే పెట్టినానమ్మా. పదకొండేళ్ళు."

"మీకేమెర్క సార్? మీరు గూడ గదే తింటిరి గదా" అన్నాను.

"అదే తప్పు. నాకేం కాలేదు గదా, దానికేం అయితదిలే అనుకున్నా. చూడలేదు, అనుకున్నా."

లోపలి నుంచి సుభద్రమ్మగారు వచ్చారు. "పెట్టిందీ మీరే, విడిచిపెట్టకుండా పదకొండేళ్ళు ఆసుపత్రులు తిప్పిందీ మీరే. ఏడ్చింది చాలు గానీ, లేచి బియ్యం కడగండి!"

ఆరు నెలల్లో ఆవిడ ముఖం తేటపడింది. కానీ అప్పుడప్పుడూ నొప్పి తిరగబెట్టేది. సార్ వంటింట్లోని డబ్బాలన్నింటిలోంచీ చిటికెడు చొప్పున కాగితాల్లో పొట్లాలు కట్టి ప్రయోగశాలకు తెచ్చారు. ఇంగువపొడి దగ్గర సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి, గదంతా అదిరేలా అరిచారు: "సరళా, ఇట్ల రా! గోధుమపిండి! దొంగముండ ఇంగువ డబ్బాలో దాక్కున్నాదే!" జీవితమంతా చదివిన శాస్త్రం ఆ రోజు ఆయన ఇంటికి పనికొచ్చింది. పిండి కలపని ఇంగువముద్ద వెతికి తెచ్చుకున్నారు. నొప్పి మళ్ళీ రాలేదు.

తర్వాతి రెండేళ్ళూ ఇద్దరూ ఊళ్ళు తిరిగారు. ఎర్రచుక్కల పటం నా చేతిలో పెట్టి, "మ్యూజియంలో పెట్టుకోమ్మా. ఇంక నేను ముందు పోయినా దిగుల్లేదు" అన్నారు. మేడమ్ ఆయన్ను చెడామడా తిట్టారు. అంతటి పరిశీలకుడు, అంతటి సహచరుడు మా విభాగానికి మళ్ళీ దొరకడు. గురువుగారి పాదాలకు నమస్కరించడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

పన్నెండో రోజు భోజనాల్లో సుభద్రమ్మగారు వంటాయన్ని పిలిచి, "ఇంగువ ఏది వేసినావు నాయనా?" అని అడిగారు. ఇంటి డబ్బాలోదేనని రూఢి చేసుకున్నాకే విస్తరి ముందు కూర్చున్నారు. పప్పన్నం కలుపుకున్నారు. మారు అడిగి వేయించుకున్నారు. గోడ మీద గడియారం ఒంటిగంట కొట్టింది. ఆవిడ సార్ ఫొటో వైపు తిరిగి, "తిన్నానండి" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను సార్. అనుకున్నది కాదు, చూసిందే రాస్తున్నాను. మేడమ్ విస్తట్లో ఒక్క మెతుకు మిగల్లేదు.